వృద్ధాప్య భద్రతకు లెక్క కట్టిన సర్ విలియం బెవరిడ్జ్

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు నాకు వెంటనే తట్టిన పేరు సర్ విలియం బెవరిడ్జ్. ఆర్థికశాస్త్రం చదువుకున్న వారికి ఆ పేరు కొత్త కాదు. ఇంగ్లండులో సాంఘిక భద్రత మీద నివేదిక రాసిన పెద్దమనిషి అని ఒక్క వాక్యంలో పాఠం ముగిసిపోయేది. పింఛను మీద బతుకుతున్న మనకు మాత్రం ఆ ఒక్క వాక్యం చాలదు.

పింఛను దయాధర్మమా, హక్కా? హక్కే అయితే ఎంత ఉండాలి? ఆ మొత్తం పెరిగే ధరల ముందు నిలబడేదెలా? మొదటి రెండు ప్రశ్నలకు బెవరిడ్జ్ గట్టి జవాబులు చెప్పారు. మూడోదాని దగ్గర ఆయన లెక్క తప్పింది. లెక్కల విభాగంలో సర్వీసంతా గడిపినవాణ్ణి కాబట్టి ఆ ఒప్పునూ తప్పునూ అంకెలతో సహా చెప్పే ప్రయత్నం చేస్తాను.

రంగపూర్‌లో పుట్టుక

బెవరిడ్జ్ 1879 మార్చి 5న అప్పటి బెంగాల్ రాష్ట్రంలోని రంగపూర్‌లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి హెన్రీ బెవరిడ్జ్ ఐ.సి.ఎస్. అధికారి, జిల్లా జడ్జీగా పనిచేశారు. భారతీయులకు పాలనలో పాలు పెరగాలని కోరిన కొద్దిమంది ఆంగ్లేయ అధికారుల్లో ఆయన ఒకరు. తల్లి ఆనెట్ ఏక్రాయిడ్ పెళ్లికి ముందే, 1872లో, బాలికల చదువు కోసం కలకత్తా వచ్చి హిందూ మహిళా విద్యాలయం నడిపారు.

ఈ దంపతుల సంగతి మనలాంటి విశ్రాంత ఉద్యోగులకు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. హెన్రీ రిటైరై ఇంగ్లండు వెళ్లాక, అబుల్ ఫజల్ రాసిన అక్బర్‌నామాను పారశీకం నుంచి ఇంగ్లీషులోకి అనువదించారు. ఆనెట్‌కు వినికిడి పోయింది. అయినా యాభై దాటాక కొత్త భాషలు నేర్చుకుని హుమాయూన్‌నామాను, బాబర్‌నామాను అనువదించారు. నేటికీ మొఘలుల చరిత్ర చదివేవారు ఆ పుస్తకాలు తిరగేయక తప్పదు. ఇద్దరూ 1929లోనే కన్నుమూశారు. అప్పటికి ఆయనకు తొంభై రెండేళ్లు, ఆమెకు ఎనభై ఆరు. అంటే బెవరిడ్జ్ పింఛను మీద నడిచిన ఇంటి నుంచి వచ్చినవాడే. భద్రత ఉన్న ముసలితనం ఎంత పని చేయగలదో ఆయన చూసింది ముందుగా తన ఇంట్లోనే. ఆ భద్రత ఐ.సి.ఎస్. వారికే ఎందుకు, ఓడరేవులో మూటలు మోసేవాడికి ఎందుకు ఉండకూడదు? ఆయన జీవితకాలపు శ్రమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగిందని నాకనిపిస్తుంది.

లండన్ తూర్పు పేటలో

బెవరిడ్జ్ ఆక్స్‌ఫర్డ్‌లోని బేలియల్ కళాశాలలో గణితం, ప్రాచీన భాషలు చదివి మొదటి శ్రేణిలో నిలిచారు. తండ్రి ఆయనను న్యాయవాదిగా చూడాలనుకున్నారు. కొడుకు 1903లో లండన్ తూర్పు భాగంలోని టాయిన్‌బీ హాలుకు చేరాడు. చదువుకున్న యువకులు పేదల పేటలోనే కాపురముండి వారి బతుకులను అధ్యయనం చేసే కేంద్రం అది.

పక్కనే ఓడరేవు. తెల్లవారగానే వందలమంది కూలీలు గేటు ముందు నిలబడేవారు. మేస్త్రీ వేలు చూపించిన వాడికి ఆ పూట పని, మిగతావారికి ఖాళీ చేతులు. పని దొరకనివాడు సోమరి అన్నది ఆనాటి పెద్దల అభిప్రాయం. బెవరిడ్జ్ లెక్కలు తీసి చూశారు. లోపం మనిషిలో కంటే పని పంచే పద్ధతిలోనే ఎక్కువగా ఉందని తేల్చారు. 1909లో వెలువడిన ఆయన మొదటి పెద్ద గ్రంథం నిరుద్యోగం గురించే. ముందు వాస్తవాలు సేకరించడం, ఆ తరువాతే సలహా ఇవ్వడం ఆయన అలవాటు.

బిస్మార్క్ దారి, ఇంగ్లండు దారి

ఐరోపాలో ముందుగా వృద్ధాప్య బీమా చట్టం తెచ్చింది జర్మనీ. ఛాన్సలర్ బిస్మార్క్ 1889లో దాన్ని చేయించారు. కార్మికుడు కొంత, యజమాని కొంత చందా కట్టాలి, ప్రభుత్వం కొంత కలుపుతుంది. డెబ్బై ఏళ్లు నిండితే పింఛను. అరవై అయిదేళ్ల నియమం బిస్మార్క్ పెట్టిందేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. జర్మనీలో ఆ వయసు అరవై అయిదుకు తగ్గింది 1916లో, ఆయన పోయిన చాలా ఏళ్లకు. కార్మికులు సోషలిస్టుల వైపు పోకుండా చూడడమే బిస్మార్క్ ఎత్తుగడ అయినా, చందా కట్టినవాడికి పింఛను అడిగే హక్కు ఉంటుందన్న సూత్రం మాత్రం అక్కడ స్థిరపడింది.

బెవరిడ్జ్ 1907లో జర్మనీ వెళ్లి ఆ బీమా పద్ధతిని, అక్కడి ఉపాధి కార్యాలయాలను స్వయంగా చూసి వచ్చారు. మరుసటి ఏడాది ఇంగ్లండులో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది. అది వేరే రకం. చందా లేదు, ఖర్చంతా పన్నుల డబ్బే. 1909 జనవరి 1 నుంచి, డెబ్బై దాటిన వారికి వారానికి అయిదు షిల్లింగులు పోస్టాఫీసులో ఇచ్చేవారు. ఇరవై షిల్లింగులు ఒక పౌను. అంతకు ముందు గతిలేని ముసలివారికి మిగిలింది పేదల శరణాలయం ఒక్కటే. అక్కడ చేరడమంటే పరువు పోగొట్టుకోవడమే. పోస్టాఫీసులో అయిదు షిల్లింగులు అందుకున్నప్పుడు ఆ భయం కొంతైనా తీరింది. అయితే అందులో ఒక మెలిక ఉంది. ఆదాయం ఎంతో విచారించి, ప్రవర్తన సరిగ్గా ఉందో లేదో చూసి మరీ ఇచ్చేవారు.

1908లో బెవరిడ్జ్ ప్రభుత్వ కొలువులో చేరారు. అప్పటి వాణిజ్య మంత్రి విన్‌స్టన్ చర్చిల్ కింద దేశమంతటా ఉపాధి కార్యాలయాలు తెరిపించే బాధ్యత ఆయనదే. 1910 ఫిబ్రవరిలో అవి మొదలయ్యాయి. 1911లో జాతీయ బీమా చట్టం వచ్చింది. అందులోని నిరుద్యోగ బీమా భాగంలో ఆయన చేయి చాలా ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆహార మంత్రిత్వ శాఖలో పనిచేసి, నలభై ఏళ్లకే ఆ శాఖకు అత్యున్నత అధికారి అయ్యారు. 1919లోనే సర్ బిరుదు వచ్చింది.

ఆ తరువాత 1937 వరకు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు డైరెక్టరుగా ఉండి, చిన్న సంస్థను ప్రపంచప్రసిద్ధ విద్యాలయంగా పెంచారు. 1933లో హిట్లర్ ప్రభుత్వం యూదు ఆచార్యులను ఉద్యోగాల నుంచి తొలగించినప్పుడు, వారికి ఆశ్రయం, జీవనం చూపడానికి ఒక సహాయ మండలి ఏర్పాటు చేయించినవారిలో ఆయన ముఖ్యుడు. ఇన్ని మంచి పనులు చేసినా ఆయనతో కలిసి పనిచేయడం సులభం కాదని అందరూ అనేవారు. తన మాటే నెగ్గాలనే పట్టుదల, ఎదుటివారిని తక్కువగా చూసే స్వభావం ఆయనకు శత్రువులను తెచ్చిపెట్టాయి.

ఇంటింటి విచారణ

ఆయన నివేదికలోని పట్టుదల అర్థం కావాలంటే 1930ల నాటి ఇంగ్లండు పరిస్థితి తెలియాలి. ఆర్థిక మాంద్యంలో లక్షలమంది పని పోగొట్టుకున్నారు. బీమా గడువు తీరినవారికి సాయం చేసే ముందు 1931 నుంచి ఇంటి ఆదాయం మొత్తం విచారించేవారు. ఇంట్లో కొడుకు సంపాదన ఉంటే తండ్రికి ఇచ్చే సాయంలో కోత పడేది. దాంతో కొన్ని కుటుంబాల్లో పిల్లలు ఇల్లు విడిచి వేరే కాపురం పెట్టవలసి వచ్చింది. తండ్రి కొడుకు చెయ్యి చూడాలి, కొడుకు తండ్రిని భారమనుకోవాలి. ఉమ్మడి కుటుంబాలలో పెరిగిన మనకు ఇందులోని బాధ వేరే చెప్పనక్కర్లేదు. ఆ విచారణ అధికారి తలుపు తట్టిన చప్పుడు ఇంగ్లండు కార్మికవర్గం తరాల తరబడి మరచిపోలేదు.

కన్నీళ్లతో అందుకున్న బాధ్యత

రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. కార్మికులను యుద్ధ పనుల్లో సర్దుబాటు చేసే పెద్ద పదవి తనకే వస్తుందని బెవరిడ్జ్ ఆశించారు. కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బెవిన్‌కు ఆయనతో పొసగలేదు. 1941 జూన్‌లో ఆయనను సాంఘిక బీమా పథకాలను పరిశీలించే ఒక శాఖాంతర కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు. పనికిరానివాణ్ణని పక్కన పెట్టారనుకుని ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారని జీవితచరిత్రకారులు రాశారు. అప్పటికి ఆయనకు అరవై రెండేళ్లు. మనలో చాలామంది ఫైళ్లు అప్పగించి ఇంటికి వచ్చిన వయసు దాటిపోయింది. ఆయన పేరు చరిత్రలో నిలిపిన పని అప్పుడే మొదలైంది.

కమిటీకి ఇచ్చిన పని చూడడానికి చిన్నది. వేర్వేరు శాఖల కింద చిందరవందరగా ఉన్న జబ్బు బీమా, నిరుద్యోగ భృతి, ప్రమాద పరిహారం, పింఛన్లు అన్నింటినీ సరిచూసి, అతుకులు వేయమన్నారు. బెవరిడ్జ్ అతుకులు వేయడానికి ఒప్పుకోలేదు, కొత్త బట్టే నేద్దామన్నారు. ఇది ప్రభుత్వ విధానానికే సంబంధించిన వ్యవహారమని గ్రహించి, మిగతా సభ్యులైన అధికారులు సంతకం చేయకుండా ప్రభుత్వం చూసింది. నివేదిక కింద ఆయన సంతకం ఒక్కటే మిగిలింది.

1942 డిసెంబరు మొదట్లో ఆ నివేదిక వెలువడింది. దాదాపు మూడు వందల పేజీల ప్రభుత్వ పత్రం, నిండా పట్టికలు. దాన్ని కొనడానికి జనం లండన్‌లో బారులు తీరారు. సంక్షిప్త ప్రతితో కలిపి ఆరు లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. బాంబులు పడుతున్న దేశంలో యుద్ధం తరువాత మన గతేమిటన్న ప్రశ్నకు ఎవరో ఒకరు లెక్కలతో జవాబు చెప్పడమే అందుకు కారణం.

నివేదికలోని లెక్క

లేమి, రోగం, అజ్ఞానం, మురికి, పనిలేమి అనే అయిదు భూతాలు సమాజాన్ని పీడిస్తున్నాయని ఆయన అన్నారు. తన పథకం ముఖ్యంగా లేమి మీదికి గురిపెట్టినది. పద్ధతి సరళం. పనిచేసే ప్రతివారూ ఒకే రేటు చందా కట్టాలి. పనివాడైన మగవాడికి వారానికి 4 షిల్లింగుల 3 పెన్నీలు, అతని యజమానికి 3 షిల్లింగుల 3 పెన్నీలు అని ఆయన అంచనా. కష్టం వచ్చినప్పుడు అందరికీ ఒకే రేటు భృతి. ఒంటరివాడికి 24 షిల్లింగులు, దంపతులకు 40. ఆదాయ విచారణ ఉండదు. చందా కట్టావా, హక్కు నీది. దాచుకున్న నాలుగు రాళ్లు ఉన్నా, కొడుకు సంపాదిస్తున్నా ఎవరూ ప్రశ్నించడానికి వీల్లేదు.

మొదటి ప్రశ్నకు ఇదీ ఆయన జవాబు. రెండో ప్రశ్నకు, అంటే ఎంత అన్నదానికి, ఆయన యార్క్ పట్టణంలో పేదరికం మీద పరిశోధనలు చేసిన సీబోమ్ రౌంట్రీ సాయం తీసుకున్నారు. తిండికి ఎంత, బట్టకు ఎంత, బొగ్గుకు, దీపానికి ఎంత, అద్దెకు ఎంత అని వేసి, మనిషి బతకడానికి తగ్గకుండా ఉండవలసిన మొత్తం కట్టారు. ఖజానాలో ఎంత మిగిలితే అంత ఇవ్వడం వేరు, మనిషికి ఎంత కావాలో అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టడం వేరు. చావు ఖర్చునూ ఆయన మరువలేదు. పేదలు తమ అంత్యక్రియల కోసం ప్రైవేటు బీమా ఏజెంట్లకు వారం వారం పైసలు కట్టుకునేవారు. ఆ అవస్థ తప్పించడానికి 20 పౌన్ల అంత్యక్రియల గ్రాంటు ప్రతిపాదించారు.

పింఛన్ల దగ్గర మాత్రం ఆయన జంకారు. ముసలివారి సంఖ్య పెరుగుతోంది, ఖర్చు కొండలా కనిపించింది. ఆర్థికవేత్త కీన్స్‌తో కూర్చుని, మొదటి అయిదేళ్లు ఖజానా మీద అదనపు భారం ఏడాదికి పది కోట్ల పౌన్లు దాటకుండా లెక్క తగ్గించారు. దాని ఫలితంగా, చందా పింఛను ఒంటరివాడికి 14 షిల్లింగులతో మొదలై ఇరవై ఏళ్లలో మెల్లగా 24కు చేరాలని రాశారు. వయసు నిండగానే కాక, పని మానుకున్నాకే పింఛను ఇవ్వాలని, ఆలస్యంగా రిటైరైన వారికి కొంత ఎక్కువ ఇవ్వాలని కూడా అన్నారు.

ఇంకో లోపమూ చెప్పాలి. పెళ్లైన స్త్రీని ఆయన ప్రధానంగా భర్త మీద ఆధారపడినదానిగానే లెక్కగట్టారు. స్త్రీల సంఘాలు 1943లోనే దీన్ని గట్టిగా ప్రశ్నించాయి. ఫ్యామిలీ పెన్షన్ మీద ఉన్న మన సోదరీమణులకు ఆ ప్రశ్న విలువ బాగా తెలుసు.

అమలు, ఆపైన అసంతృప్తి

చర్చిల్ ప్రభుత్వం వెంటనే మాట ఇవ్వడానికి వెనకాడింది. 1944లో బెవరిడ్జ్ లిబరల్ పార్టీ తరఫున పార్లమెంటుకు ఎన్నికై, 1945లో ఓడిపోయారు. ఆ ఎన్నికల్లో గెలిచిన లేబర్ పార్టీయే ఆయన పథకాన్ని చట్టం చేసింది. ఇరవై ఏళ్లు ఆగడం కుదరదని, 1946 అక్టోబరు నుంచే ఒంటరివాడికి 26 షిల్లింగులు, దంపతులకు 42 షిల్లింగులు పూర్తి పింఛను ఇచ్చింది. మొత్తం పథకం 1948 జూలై 5న అమలులోకి వచ్చింది. బెవరిడ్జ్ అడిగిన దానికంటే రెండు షిల్లింగులు ఎక్కువే కదా అనిపిస్తుంది.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. యుద్ధం తరువాత ధరలు 1938 నాటికంటే పాతిక శాతం ఎక్కువ ఉంటాయని బెవరిడ్జ్ అంచనా వేశారు. వాస్తవంగా అంతకంటే చాలా ఎక్కువ పెరిగాయి. దానికి తోడు, ధర పెరిగితే పింఛను దానంతట అదే పెరగాలన్న ముడి చట్టంలో లేదు. ప్రభుత్వానికి తోచినప్పుడు పెంచాలి. ఒంటరివాడి పింఛను 1952లో 32 షిల్లింగుల 6 పెన్నీలు, 1955లో 40 షిల్లింగులు అయింది. మధ్యలో ధరలు ముందు, పింఛను వెనక. అద్దె కట్టలేని లక్షలాది ముసలివారు జాతీయ సహాయ కార్యాలయానికి వెళ్లి, మళ్లీ ఆదాయ విచారణకు నిలబడవలసి వచ్చింది. ఏ తలుపు చప్పుడు ఇక వినపడకూడదని బెవరిడ్జ్ అనుకున్నారో, అదే మళ్లీ వినిపించింది.

1946లో బెవరిడ్జ్ ప్రభువుల సభ సభ్యుడయ్యారు. 1953లో ఆ సభలోనే ఆయన ప్రభుత్వాన్ని నిలదీశారు. భృతిని బతకడానికి చాలినంత పెంచండి, లేదా 1942 నాటి విధానాన్ని వదిలేశామని బాహాటంగా ఒప్పుకోండి అన్నది ఆయన వాదన సారాంశం. సంక్షేమ రాజ్యం అన్న మాట ఆయనకు నచ్చేది కాదు. ప్రజలు ఊరికే పుచ్చుకునేవారన్న ధ్వని అందులో ఉందని ఆయన భావం. చందా కట్టి సంపాదించుకున్న హక్కు అన్నదే ఆయన పట్టు. తల్లిదండ్రుల భారతదేశ జీవితం మీద 1947లో ఒక పుస్తకం, 1953లో ఆత్మకథ వెలువరించారు. 1963 మార్చి 16న ఆక్స్‌ఫర్డ్‌లో, ఎనభై నాలుగో ఏట కన్నుమూశారు.

తరువాతివారు నేర్చిన పాఠం

నేటికీ పింఛను పరిశోధకులు ఐరోపా దేశాలను రెండు గోత్రాలుగా చెబుతారు. జీతాన్ని బట్టి చందా, చందాను బట్టి పింఛను ఇచ్చేది బిస్మార్క్ గోత్రం. అందరికీ ఒకే కనీస మొత్తం ఇచ్చేది బెవరిడ్జ్ గోత్రం. ఆచరణలో చాలా దేశాలు రెండింటినీ కలిపేసుకున్నాయి. 1957లో పశ్చిమ జర్మనీ పింఛనును దేశంలోని జీతాల పెరుగుదలకు ముడిపెట్టింది. బ్రిటన్ 1970ల మధ్యలో గాని అలాంటి ముడి వేయలేదు. 1980లో దాన్ని ధరలకు మాత్రమే పరిమితం చేసింది. ఆ తరువాత ముప్పై ఏళ్లలో జీతాలు ముందుకు పోయి, పింఛను వెనకబడిపోయింది. 2011 నుంచి జీతాలు, ధరలు, రెండున్నర శాతం, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే అంత పెంచే నియమం తెచ్చారు. అంకె ఒకటే చూస్తే మోసపోతాం, ముడి ఎక్కడ ఉందో చూడాలని ఈ చరిత్ర చెబుతోంది.

ఆయన ప్రభావం మన దేశానికీ వచ్చింది. ఆచార్య బి.పి. అదార్కర్ 1944లో కార్మికుల ఆరోగ్య బీమా మీద నివేదిక ఇచ్చారు. ఆయనను చిన్న బెవరిడ్జ్ అని పిలిచారు. 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టానికి ఆ నివేదికే పునాది. పింఛను దయాభిక్ష కాదు, హక్కు అని మన సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో తీర్పు చెప్పింది. ఆ తేదీని మనం పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాం.

ఇక నా అభిప్రాయం. కరువు భృతి ఒక వాయిదా వచ్చినప్పుడు శాతమెంత అని చూసి మనం తృప్తిపడతాం. కాని ధరల సూచీతో ఉన్న ఆ ముడే మన పింఛనుకు ప్రాణం. ఆ ముడి లేని సోదరుల సంగతి తలచుకోండి. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో అది పెట్టలేదు. అందువల్ల 2014లో నిర్ణయించిన వెయ్యి రూపాయల కనీస పింఛను ఏటా కొనే సరుకు తగ్గుతూ వచ్చింది. 2004 తరువాత కేంద్ర ప్రభుత్వ కొలువులో చేరిన మన పిల్లలకు కొత్త పథకంలో చందా ఖాయం, చేతికొచ్చేది మార్కెట్టు దయ. 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన ఏకీకృత పథకంలో హామీ మొత్తం, కరువు భృతి తిరిగి చోటు చేసుకున్నాయంటే, ఉద్యోగ సంఘాలు ఏళ్ల తరబడి అడగడం వల్లనే.

కాబట్టి ఏ పింఛను పథకం మన ముందుకు వచ్చినా, పిల్లలు సలహా అడిగినా, మూడు సంగతులు చూడమని నా మనవి. అది హక్కుగా రాసి ఉందా? బతకడానికి చాలుతుందా? ధరలతో పాటు నడుస్తుందా? మొదటి రెండింటి కోసం బెవరిడ్జ్ జీవితమంతా శ్రమించారు. మూడోది లేకపోతే ఆ రెండూ ఎలా కరిగిపోతాయో డెబ్బై నాలుగేళ్ల వయసులో తానే సభలో లేచి చెప్పవలసి వచ్చింది. మన సంఘం రాసే ప్రతి మహజరులోనూ ఆ మూడో మాట మొదటి వరసలో ఉండాలి.